గానుగకు, గడపకు ఆవల

కదిరి నుండి తూర్పుదిశగా పోవువారికి గాండ్లపెంట యను ఊరు తగులును. ఆ పేరులోనే దాని పుట్టుక దాగియున్నది. గాండ్లవారనగా గానుగ నాడించి నూనె తీయు వృత్తివారు. ఊరిపేళ్ల చివర వచ్చు ‘పెంట’ చిన్న పల్లెకు పేరు. ఎన్నడో నాలుగు గానుగలు వెలసినచోట నాలుగిండ్లు లేచి, ఆ యిండ్లకు ఆ పనియే పేరై నిలిచినది కాబోలు. రాయలసీమలో ఇట్టి పేళ్లకు కొదువ లేదు. గొల్లపల్లెలు, వడ్డిపల్లెలు, కుమ్మరవాండ్లపల్లెలు లెక్కకు మిక్కిలి. ఊరికి గాని మనిషికి గాని పేరు పెట్టునపుడు పెద్దలు మొదట చూచినది చేతిపనిని. పిదప చూచినది ఇంటిని.

నేటికిని కొత్తవాడొకడు రచ్చబండ ప్రక్కగా పోయినచో ముసలివారు పిలిచి, “యా ఊరు నాయనా? ఎవరోళ్ల పిల్లోడివి? ఏం పని చేస్తావు?” అని అడుగుదురు. అందులో కుతూహలమున్నది, ఆప్యాయతయు నున్నది. ఆ మూడు ప్రశ్నలకు సమాధానము వచ్చినంతనే వారికి ఆ మనిషి పూర్తిగా తెలిసిపోయినట్లే. ఇంకేమియు అడుగరు. కాని ఆ మూడింటికిని చిక్కక మిగిలిపోయిన భాగమొకటి ప్రతి మనిషిలోను ఉండునా, ఉండదా? ఉన్నచో దానికి ఊరిలో చోటెక్కడ?

గానుగను చూచినవారు నేడు తక్కువ. లోతైన రోలువంటి తొట్టి, అందులో నిలువుగా తిరుగు రోకలి, దానికి కట్టిన కాడి, కాడికి ఒక యెద్దు. ఎద్దు కన్నులకు గంత కట్టుదురు. అది ప్రొద్దు పొడిచినది మొదలు నడచును. ఎన్ని క్రోసులు నడచెనో దానికే తెలియదు. సాయంకాలమునకు గంత విప్పి చూచినచో ఉదయమున నున్నచోటనే యుండును. ఇంటినుండి పనికి, పనినుండి ఇంటికి తిరుగుటతో తెల్లవారి చీకటిపడు బ్రతుకును తెలుగువారు గానుగెద్దు బ్రతుకనిరి. ఆ మాట పుట్టినది నూనె గానుగ వద్దనే యైనను, చెల్లుబడియైనది అన్ని వృత్తులయందును. కచేరీ గుమాస్తాకును, బడిపంతులుకును అది తగిలినట్లుగా నుండును.

ఆ గానుగ పోయినది. యంత్రములు వచ్చి నూనె మిల్లులు పెరిగిన తరువాత గాండ్లవారిలో గానుగ పట్టినవారు అరుదైరి. ఊరి పేరు మాత్రము మిగిలినది. వేరుసెనగయే ఈ ప్రాంతమునకు ప్రాణము. కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రమున పుట్టి 2005లో విడుదలయైన కదిరి-6 అను విత్తనము దేశములో పెక్కుచోట్ల రైతులకు పరిచితమే. కాని విత్తనము మేలైనదైనంత మాత్రమున వాన కురియదు గదా! పూర్వపు అనంతపురము జిల్లాలో ఏటికి కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కాస్తయు అదనునకు రాదు. కనుక పల్లెవారు బెంగుళూరునకు కూలికి పోవుదురు. కదిరి, రాయచోటి ప్రాంతముల స్త్రీలు ఎందరో కువైటు మొదలైన దేశములకు పోయి పరుల యిండ్లలో వంటయు ఇంటిపనియు చేయుచున్నారు. వారి సంగతి ఆలోచింపదగినది. వారికి పని యనగా ఇల్లే. కాని అది తమ యిల్లు కాదు. తమ యిల్లు సముద్రమునకు ఆవల నున్నది. ‘నీవెవరు?’ అన్న ప్రశ్నకు వారు ఏ గడపను చూపి సమాధానము చెప్పవలెను?

అంత దూరము పోనక్కరలేదు. ముప్పదియేండ్లు పాఠము చెప్పి విశ్రాంతి గైకొన్న ఉపాధ్యాయుని చూడుడు. గంట మ్రోగునప్పటికి లేచి నిలుచు అలవాటు పోదు. వీథిలో ఇంకను ‘అయ్యవారూ’ అని పిలుతురు. కాని ఆ పిలుపు వెనుక బడి లేదు. ఇంటివారికి ఆయన పగలంతయు ఇంటనుండుట కొత్త, ఆయనకు మరింత కొత్త. పని పేరును తీసివేయగా తనలో మిగిలినదేమో వెదకుకొనవలసిన దినము ఆయనకు వచ్చినది.

అమెరికా సాంఘికశాస్త్రజ్ఞుడు రే ఓల్డెన్‌బర్గ్ 1989లో ప్రకటించిన తన గ్రంథమున ఇంటిని మొదటి చోటనియు, పనిని రెండవ చోటనియు లెక్కించి, మనుష్యునకు మూడవ చోటొకటి కావలెనని వాదించెను. ఆయన కండ్లయెదుట నున్నవి కాఫీశాలలు, మంగలి దుకాణములు, నలుగురు కూడి ముచ్చటించు చోట్లు. మన రచ్చబండ ఆ లెక్కలోనిదే. కాని ముచ్చటతో తీరని ఆకలి యొకటి యున్నది. నలుగురిలో కూర్చుండుట వేరు. ఆ నలుగురితోను, తనకంటె పెద్దదైన దేనితోనో కూడ, తాను చేరియున్నానని తెలియుట వేరు. ఈ రెండవదానిని వెదకినవారి కథ గాండ్లపెంట మండలములోనే యున్నది. 2022లో శ్రీసత్యసాయి జిల్లాలో చేరిన ఆ మండలమున కటారుపల్లె యను పల్లె కలదు. అక్కడనే వేమన సమాధి.

వేమన ఎప్పటివాడు, ఎక్కడ పుట్టెను అను విషయములందు పండితులకు ఏకాభిప్రాయము లేదు. పదునేడవ శతాబ్దమువాడని పలువురి మతము. కొండవీడు తనదనును, గండికోట తనదనును. పుట్టినచోటునకు ఇంత పోటీయున్నను, తుది మజిలీ విషయమున మాత్రము జనశ్రుతి కటారుపల్లెనే చూపుచున్నది. లోకమున వ్యాపించిన వేమన కథ అందరికిని తెలిసినదే యైనను, ఇక్కడ దానిని మరొకమారు తలపోయుట అవసరము. ఏలయన ఆ కథలో సాధారణముగా జనులు గమనింపని మనిషి యొకడున్నాడు.

కథ ఇది. వేమన సంపన్నుల యింట పుట్టెను. అన్న దొరతనము చేయుచుండగా తమ్ముడు వేశ్యాలోలుడై ఇంటి ధనము ఖర్చుచేసెను. వదిన అతనిని బిడ్డవలె చూచుకొనెను. కన్నడదేశమువారు ఆ వదినయే హేమరెడ్డి మల్లమ్మ యనియు, ఆమె శ్రీశైల మల్లికార్జునుని భక్తురాలనియు, మరదిని మార్చినది ఆమెయే యనియు చెప్పుకొందురు. అన్నగారి ఆస్థానమున అభిరాముడను కంసాలి యుండెను. అతడు ప్రతిదినము పనికి ఆలస్యముగా వచ్చుచుండెను. ఏల ఆలస్యమని వేమన రహస్యముగా అతని వెంటబోయి చూడగా, అభిరాముడు తెల్లవారకమునుపే ఒక గుహకు పోయి లంబికా శివయోగి యను సిద్ధునకు పరిచర్య చేయుచున్నట్లు తెలిసెను. యోగి సంతసించి, మరునాడు వచ్చినచో ఉపదేశము చేసెదనని అతనికి మాట యిచ్చెను. ఆ మరునాడు వేమన ఏదో పనియను నెపమున అభిరాముని ఇంటియొద్దనే నిలిపివేసి, తాను గుహకు పోయి ఆ ఉపదేశమును పొందెను. పిమ్మట పశ్చాత్తాపపడి అభిరాముని కాళ్లపై బడి, తన పద్యములన్నింటను అతని పేరు నిలిపెదనని చెప్పెనట.

ఈ కథను చెప్పువారు వేమనకు కలిగిన వైరాగ్యమును గూర్చి విస్తరించి చెప్పుదురు. కాని కథలో నిజముగా మూడవ చోటును కనుగొన్నవాడు అభిరాముడు. అతనికి ఇల్లున్నది, కుంపటియు సుత్తియు నున్నవి. నేర్పరియైన పనివాడని పేరున్నది. ఆ రెండింటికిని లోటు రానీయకయే అతడు చీకటితో లేచి ఒక కొండగుహకు పోవుచుండెను. అక్కడ అతడు కంసాలి కాడు. బంగారము తూచువాడు లేడు; కూలి లెక్కించువాడు లేడు. అతడు పోగొట్టుకొన్నదానికి కారణమేమి? పని. యజమాని యింట ఒక దినము పని మిగులుటచే జీవితమంతయు ఎదురుచూచిన ఘడియ చేజారెను. సెలవు దొరకక తల్లి దినకర్మకు పోలేనివారు, బిడ్డ పేరంటమునకు అందుకొనలేనివారు ఎందరో నేడును గలరు. వారికి అభిరాముని బాధ వ్యాఖ్యానము లేకయే తెలియును.

చరిత్రగా ఈ కథ నిలువదని విమర్శకులు ఏనాడో తేల్చిరి. అనంతపురము జిల్లాకు చెందిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు 1928లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పక్షమున అనంతపురములోనే వేమనను గూర్చి ఉపన్యాసములిచ్చిరి. మరుసటి యేడు అవి గ్రంథమై వెలసినవి. కట్టుకథలను ప్రక్కకు నెట్టి, పద్యములలో కనబడు మనిషిని వారు తర్కముతో వెదకిరి. మకుటములోని ‘అభిరామ’ శబ్దము మనిషి పేరో, మనోహరమను అర్థముగల విశేషణమో అను చర్చయు నడచినది. పాండిత్యమునకు ఆ చర్చ వలసినదే. ఐనను జనము ఆ శబ్దమున ఒక కంసాలిని చూచినదన్న సంగతి చిన్నది కాదు. పద్యము చివర ఎవరి పేరుండవలెను అని జనమును అడుగగా, పనిలో చిక్కుకొని పోయినవాని పేరుండవలెనని జనము తీర్పు చెప్పినది.

మకుటములో మరియొక విశేషమున్నది. సుమతీ శతకము బుద్ధిమంతుని పిలుచును; దాశరథీ శతకము రాముని పిలుచును. వేమన పద్యము వేమననే పిలుచును. వినవలసినవాడు వేముడు. ఇందువలన ఏమగుచున్నదనగా, గాండ్లపెంట బడిలో ఒక పిల్లవాడు లేచి చేతులు కట్టుకొని ఆటవెలది చదివినప్పుడు, చివరి పాదమున ఆ పిల్లవాడు ఒక్కక్షణము వేమునిగా మారుచున్నాడు. చెప్పువాడును అతడే, వినువాడును అతడే. రైతుబిడ్డ యైననేమి, నేతగాని బిడ్డ యైననేమి, తల్లి కువైటులో నుండగా అవ్వయొద్ద పెరుగుచున్న పిల్ల యైననేమి, ఆ పాదము చదువునప్పుడు వారికి ఇంటిపేరు లేదు. పదవ తరగతి ప్రశ్నపత్రమునకై పద్యమును పూరింపజేయు ఉపాధ్యాయులు దీనిని తీరికగా పిల్లలకు చెప్పుట లేదు. చెప్పినచో ప్రతిపదార్థముకంటె త్వరగా అర్థమగును.

ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర సంగతి ఇక్కడ తలపునకు వచ్చును. 1820లో ఆయన ఉద్యోగమునకై కడప చేరినాడు. కదిరి ప్రాంతము నాడు కడప జిల్లాలోనిదే. అనగా కటారుపల్లె ఆయన పని చేసిన జిల్లాలోనే యుండెను. కాని ఆయన వేమన పద్యములను పట్టుకొనినది పిదప, మచిలీపట్టణములో. 1829లో 693 పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చు వేయించెను. 1839లో వేయికి పైబడిన పద్యములతో మరల ప్రకటించెను. బ్రౌను పని కుంఫిణీవారి కొలువు. ఇల్లందురా, ఆయన పెండ్లియే యాడలేదు. కచేరీ వేళలు పోగా మిగిలిన కాలమును, జీతములో అధికభాగమును ఆయన తాటాకుల పాలు చేసెను. పరభాషలో, పరుల పద్యములలో తన చోటు వెదకుకొనినవాడని ఆయనను గూర్చి అనిన తప్పు కాదు.

ఇక కటారుపల్లెకు పోయి చూచువారికి ఒక చిక్కు ఎదురగును. విగ్రహములకు మ్రొక్కువారిని ఎగతాళి చేసిన కవికి అక్కడ గుడి యున్నది, పూజ యున్నది. వేమన వంశమువారమని చెప్పుకొను కుటుంబమువారే అర్చకులు. కులమును తూర్పారబట్టినవానికి కులసంఘములు జయంతులు జరుపుచున్నవి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును 2023 నుండి జనవరి 19వ తేదీన వేమన జయంతిని అధికారికముగా జరుపసాగినది. పుట్టిన శతాబ్దమే తేలని మనిషికి పుట్టిన తేదీ దొరకుట వింత గాక మరేమి! ఇల్లు విడిచినవానిని మనము మరల ఇంటికి తెచ్చి, ఇంటిపేరు తగిలించి, పీట వేసి కూర్చుండబెట్టితిమి. దీనిని చూచి పండితులు నవ్వుదురు. నవ్వదగినదే. కాని ఆ సమాధియొద్దకు కొబ్బరికాయ పట్టుకొని వచ్చిన పల్లెటూరి వృద్ధురాలిని చూచి నవ్వుట న్యాయము కాదు. ఆమెకు వేమన తత్త్వము తెలియకపోవచ్చును. తన మాటలో మాట్లాడి, తనవంటివారి పక్షమున నిలిచిన మనిషి ఇక్కడ పండుకొనియున్నాడని మాత్రము తెలియును. గడపను, పొలమును విడిచి ఆమె ఒక పూట ఇక్కడ కూర్చుండగలుగుచున్నది.

ఈ సీమలో ఇట్టి కూర్చుండు చోట్లు మరికొన్ని కలవు. రాయలసీమ పల్లెలలో చెక్కభజన ప్రసిద్ధము. పగలంతయు మడక దున్నినవారు రాత్రి భోజనమైన పిమ్మట రామాలయము ముందట చేరి, చేతిలో చిడతలు పట్టి, కాళ్లకు గజ్జెలు కట్టి, గురువు చెప్పిన అడుగులు నేర్తురు. అక్కడ ఆస్తిపరుని అడుగు తప్పినచో కూలివాడు సరిదిద్దును. తంబుర పట్టి తత్త్వములు పాడువారి కూటములు ఇంతకంటె లోతైనవి. పోతులూరి వీరబ్రహ్మము శిష్యుడైన సిద్ధయ్యను లోకము ‘దూదేకుల సిద్ధయ్య’ యని పిలిచినది. దూది యేకుట ఆ కులమువారి వృత్తి. చూడుడు, పని పేరు ఆయనను విడువలేదు. ఐనను తత్త్వము పాడువారు ఆయనను తలచుకొనునది దూదికై కాదు. సరిహద్దునకు ఆవల చింతామణి ప్రాంతమున కైవారము నారాయణ తాతయ్య గాజులమ్ముకొని జీవించి, గాజుల మలారము దించి యోగియయ్యెను. తెలుగులోను కన్నడములోను పాడెను. పన్నెండవ శతాబ్దపు శివశరణులు వేరొక త్రోవ త్రొక్కిరి. మడివాళ మాచయ్య, అంబిగర చౌడయ్య అను పేళ్లలో చాకలి పనిని, పడవ పనిని కిరీటములవలె ధరించిరి. పనినుండి బయటికి పోకుండ, పనిని ఎత్తుకొని దేవుని ముంగిటికి పోయినవారు వారు. ఏ త్రోవ మేలని తేల్చుట సులభము కాదు.

ఈ కూటములను గూర్చి చెప్పునపుడు ఒక నిజమును దాచిపెట్టరాదు. భజనలో అందరు సమానులన్న మాట పాటలో నున్నంతగా గుమ్మమువద్ద లేదు. మాలమాదిగలను రామాలయపు మెట్లెక్కనీయని ఊళ్లు ఉండెడివి. వారు తమ వాడలో వేరుగ భజనమందిరము కట్టుకొనిరి. మూడవ చోటునకు తాళము వేసినవారు మొదటి చోటువారే. తాళము పడనిది పద్యమొక్కటే. దానికి తలుపు లేదు గనుక.

తాళపుచెవి దొరకనివారు మరికొందరు గలరు. స్త్రీలు. గాండ్లపెంటకు పొరుగుననున్న నంబులపూలకుంట మండలమున, గూటిబయలు గ్రామమున తిమ్మమ్మ మర్రిమాను ఉన్నది. దాదాపు ఐదెకరముల మేర ఊడలు దించుకొని వ్యాపించిన ఆ వృక్షము 1989లో గిన్నిసు గ్రంథమున కెక్కెను. తిమ్మమ్మ రోగియైన భర్తకు సేవచేసి, 1434లో అతనితో సహగమనము చేసెననియు, చితికి నాటిన గుంజ చిగిర్చి ఈ మానయ్యెననియు స్థలకథ. సంతానము కోరు దంపతులు అక్కడికి పోవుదురు. చెట్టు నీడ చల్లనిది. కథ వేడిమి మాత్రము చల్లారునది కాదు. ఒకే సీమలో ఇద్దరికి గుడి వెలసినది. ఇల్లు విడిచి పోయిన పురుషుని పూజించితిమి. ఇల్లే తానై కాలిపోయిన స్త్రీని పూజించితిమి. పైగా వేమన పేర చెల్లుబడియగు పద్యములలో స్త్రీలను నిందించునవి తక్కువ కాదు. ఆడపిల్లల తరగతిలో వానిని చెప్పవలసి వచ్చిన ఉపాధ్యాయిని పుట తిప్పివేసినచో ఆమెను తప్పుపట్టరాదు.

స్త్రీకి మూడవ త్రోవ లేదా యనినచో, దక్షిణముగా పోయిన తరిగొండ యను గ్రామము వచ్చును. 1730లో అక్కడ పుట్టిన వెంగమాంబ బాల్యముననే వితంతువాయెను. శిరోముండనమునకు ఒప్పుకొనలేదు. పుట్టినింట కోడలుగాను కూతురుగాను కాక, భక్తురాలుగా నిలువదలచెను. మదనపల్లెలో రూపావతారము సుబ్రహ్మణ్యశాస్త్రిగారి వద్ద ఉపదేశము పొందెను. ఊరు సహింపకపోగా తిరుమల చేరెను. ద్విపద భాగవతము, వేంకటాచల మాహాత్మ్యము మొదలైనవి రచించెను. 1817 వరకు జీవించెను. ఆమెకు ఇల్లు లేదు, కొండ యున్నది. కొలువు లేదు; కలము, హారతిపళ్లెము ఉన్నవి. అభిరాముడు పోగొట్టుకొన్నదానిని ఆమె ఎవరిని త్రోసివేయకయే సంపాదించుకొనెను. తిరుమలలో ప్రతిరాత్రి ఏకాంతసేవవేళ వెంగమాంబ ముత్యాలహారతి నేటికిని జరుగుచున్నది. యాత్రికులు భుజించు నిత్యాన్నప్రసాద భవనము 2011లో ఆమె పేర వెలసినది.

గాండ్లపెంటకు తిరిగి వచ్చినచో, అక్కడ అభిరాముని పేర భవనము లేదు, జయంతియు లేదు. ప్రొద్దున తొమ్మిదింటికి బడిగంట మ్రోగును. వేరుసెనగ చేలమీదుగా పిల్లలు వచ్చి వరుసలు తీరుదురు. తెలుగు అయ్యవారు పుస్తకము తెరచి మొదటి పాదము అందించును. మూడు పాదములు తడబడిన పిల్లవాడుకూడ నాలుగవ పాదము వచ్చునప్పటికి గొంతెత్తును. అది వానికి చూడకయే వచ్చును. ఆ కంసాలి పేరు గదినిండ వినబడును.